మారు వడ్డించకూడని సాసేజ్

ముందు వార్తలు చెప్పేస్తాను, లేకపోతే మిగతాది కుదురుగా రాయలేను. మొన్న శుక్రవారం నాకు డిగ్రీ చేతికొచ్చింది! నల్ల గౌను వేసుకున్నాను, నెత్తిన పలకలాంటి ఆ టోపీ పెట్టుకున్నాను. ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న మా డార్విన్ ఊరి ఉక్కకి గౌను లోపల చీర తడిసి ముద్దయినా విప్పలేదు. ఇంటికి వస్తూ పెట్రోలు బంకులో ఆగి, అవసరం లేకపోయినా టైర్లలో గాలి చూసుకున్నాను. నలుగురి కళ్లలో పడాలిగా మరి. మా నాన్న వైపు చూసినా, మా అమ్మ వైపు చూసినా డిగ్రీ దాకా వెళ్లినవాళ్లు ఇంతవరకు లేరు. నేనే మొదలు. ఇంటర్ అయ్యాక పెళ్లి, పెళ్లయ్యాక ఈ దేశం, పాప స్కూల్లో పడ్డాక చదువు. ఆలస్యమైంది కానీ వచ్చేసింది.

రెండో వార్త: వచ్చే సోమవారం నుంచి నేను ఇక్కడి ఆరోగ్య శాఖ ఉద్యోగిని. హోటళ్లకీ, మార్కెట్ బడ్డీలకీ వెళ్లి, ఫ్రిజ్ చల్లగా ఉందా, పచ్చి మాంసం కోసిన కత్తితోనే కొత్తిమీర కోస్తున్నారా అని చూసే పని. దాంతో మూడో వార్త: నేను రిటైరయ్యాను. సాసేజ్ నుంచి. తనిఖీ చేసే మనిషే బడ్డీలో నిలబడి అమ్మితే బాగోదు కదా.

యూనివర్సిటీలో కొత్తగా చేరే తెలుగు పిల్లలు, "అక్కా, పార్ట్‌టైమ్ జాబ్‌లో అసలు ఏం నేర్చుకున్నారు మీరు?" అని అడుగుతుంటారు. ఇంటర్వ్యూలో చెప్పే జవాబు ఒకటుంది, అది మీకు ఎవరైనా చెప్తారు. రెండో జవాబు ఇక్కడ రాస్తున్నాను.

నాకు పనిచ్చినావిడ థాయ్ మనిషి. యాభై దాటిన వయసు, పొట్టి మనిషి, నడిస్తే గాలి దుమారం. ఆవిడని అందరూ "పీ" అంటారు. వాళ్ల భాషలో అక్క లాంటి పిలుపు. ఆవిడ నన్ను "నోంగ్" అనేది, అంటే చెల్లి. మా ఇద్దరి మధ్య నడిచింది ముక్కల ఇంగ్లీషే. ఆ ముక్కల్ని ఇక్కడ తెలుగులో అతికించి రాస్తున్నాను.

పీ చాలాకాలం ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికింది. మా ఆయన అదే ఆసుపత్రి ల్యాబ్‌లో పని చేస్తాడు. లాండ్రీ పని మానేశాక ఒకరోజు పాతవాళ్లని చూడటానికి వచ్చి, ఆవిడ ఆయన చేతికి ఏదో పొట్లం ఇచ్చి పంపింది. విప్పితే, పేగులో మసాలా మాంసం కూరి జంతిక చుట్టలా చుట్టి ఉన్న సాసేజ్. కోసి పెనం మీద వేశాను. నిమ్మగడ్డి, పసుపు, వెల్లుల్లి, మజ్జిగలో వేసుకునే దబ్బాకు లాంటి ఒక ఆకు, మా నాయనమ్మ దగ్గొస్తే బుగ్గన పెట్టుకునే దుంపరాష్ట్రం, వాటన్నిటి మీద ఎండుమిర్చి. ఉత్తర థాయిలాండ్‌లో దీన్ని సాయ్ ఉవా అంటారట. అసలుది పంది మాంసంతో చేస్తారు. పీ కోడి తొడ మాంసంతో కూడా చేసేది, మాకిచ్చింది అదే. గుంటూరు జిల్లాలో మిరపకాయల ఘాటు మధ్య పుట్టిన నాకు, పరాయి దేశం కారం తిని ముక్కు కారడం అదే మొదలు. మర్నాడే పీ ఇంటికి వెళ్లి తలుపు కొట్టాను.

"ఇంకో చుట్ట కావాలా?" అంది.

"పని కావాలి," అన్నాను.

లాండ్రీ మానేశాక పీకి ఇదే పని. చుట్టలు చేసి థాయ్ ఇళ్లకి అమ్ముతోంది. ఆవిడ ఆశంతా సముద్రపు ఒడ్డున సాయంత్రాలు పెట్టే మార్కెట్ మీద. వానలు వెనక్కి తగ్గి పొడి నెలలు మొదలయ్యాక డార్విన్ సగం అక్కడే భోంచేస్తుంది. అక్కడ జాగా దొరకడం కష్టం. ఆ ఏడాది రెండు బడ్డీలు ఖాళీ అయ్యాయని తెలిసి పీ పేరిచ్చింది. జాగా వస్తే ఆవిడ వ్యాపారం నిలబడుతుంది. రాకపోతే మళ్లీ దుప్పట్ల దగ్గరికే. ఆవిడ ఆ మాట ఒక్కసారే అంది, చుట్ట కడుతూ, నా వైపు చూడకుండా.

మార్కెట్ వాళ్ల షరతులు రెండు. అక్కడ ఇదివరకే దొరికే తిండి అయ్యుండకూడదు. చేత్తో పట్టుకుని ఇసకలో నడుస్తూ తినగలగాలి. బ్రెడ్డులో సాసేజ్ పెట్టి ఇచ్చే బడ్డీ అప్పటికే ఉంది. థాయ్ నూడుల్స్ కూడా ఉన్నాయి. మరి ఈ చుట్టని ఏ వేషంలో దింపాలి?

అక్కడి నుంచి మా వంటింట్లో ప్రయోగాలు. పీ తన చుట్టలతో వచ్చేది, నేను నా పెనాలు బయటికి తీసేదాన్ని. మొదట దోసెలో చుట్టాం.

మా ఆయన నమిలి నమిలి అన్నాడు. "దోసెకీ అన్యాయం, దానికీ అన్యాయం. ఎవరి బతుకు వాళ్లని బతకనీయవే."

తర్వాత లావు మిరపకాయల్లో ఆ మాంసం కూరి బజ్జీలు వేశాం. రుచి అదిరింది కానీ, మా పాప ఒక్కటి కొరికి సింకు దగ్గరికి పరిగెత్తింది. ఆ పిల్లకి తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. "అమ్మా, దిస్ ఈజ్ నాట్ ఫుడ్. దిస్ ఈజ్ ఫైర్," అంది పంపు కింద నాలుక పెట్టి. పులిహోరలో ముక్కలు కలిపితే బ్రహ్మాండంగా ఉంది, కానీ ఇసకలో నడుస్తూ పులిహోర ఎవరు తింటారు? గుంట పొంగణాల్లో ఒక్కో ముక్క పెట్టి కాల్చాం. వాటికి పాప కూడా మార్కులేసింది. ఒక్క వాయ దిగేలోపు మాత్రం జనం పక్క బడ్డీకి వెళ్లిపోతారు.

ఒక సాయంత్రం ఇద్దరం నీరసపడి కూర్చున్నాం. ఆకలేసి, చిన్నప్పుడు బాపట్ల బీచిలో తిన్నట్టు ముంత మసాలా కలిపాను. బొరుగులు, వేయించిన వేరుశనగలు, ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మకాయ. పళ్లెంలో మిగిలిపోయిన సాసేజ్ ముక్కల్ని సన్నగా తరిగి అందులో పడేసి, కాగితం పొట్లం కట్టి పీకి ఇచ్చాను. పీ ఒక గుప్పెడు నోట్లో వేసుకుని లేచి నిలబడింది.

"నోంగ్, మా వైపు తిండి నీకెవరు నేర్పారు?"

"ఇది మా వైపు తిండి, పీ."

"కాదు. మేం అన్నం ముద్దలు వేయించి, చిదిమి, పుల్లటి సాసేజ్, అల్లం, వేరుశనగలు వేసి ఇలాగే కలుపుతాం. ఇందులో అల్లం ఏది?"

అల్లం సన్నగా తరిగి వేశాను. ఇద్దరం పొట్లం అడుగు కనిపించేదాకా తిన్నాం.

వంటకం దొరికింది. దాని ఇబ్బందల్లా ఒక్కటే. డార్విన్ గాలిలో బొరుగులు క్షణాల్లో మెత్తబడతాయి. అందుకని సాసేజ్ బొగ్గుల మీంచి దిగగానే తరిగి, అన్నీ కలిపి, బొరుగులు ఆఖర్న వేసి, ఒక్కసారి ఎగరేసి, వెంటనే చేతిలో పెట్టాలి. ఆ కలపడం నా పని, కాల్చడం పీ పని.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. మా నాన్న పెళ్లి భోజనాల మేస్త్రి. సెలవులొస్తే నేనూ వడ్డన బ్యాచ్‌లోనే, సాంబారు బకెట్ మోసేంత ఎదగకముందు నుంచీ. మా నాన్న ముందు ఎవరి ఆకైనా ఖాళీగా కనపడిందా, వడ్డించేవాడికి మూడిందే. "చాలు" అన్నవాడికి ఇంకో గరిటె వేయాలి, మొహమాటపడుతున్నాడన్నమాట. నిజంగా చాలినవాడు ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెడతాడు. అంతవరకు ఆగకూడదు. అది నా ఒంట్లో ఉంది. డిగ్రీ వచ్చినా పోలేదు.

పేరిచ్చినవాళ్ల తిండి రుచి చూసి, మార్కెట్ వాళ్లు జాగా ఎవరికో తేల్చే రోజు వచ్చింది. సముద్రానికి దగ్గరలో ఒక హాలు. పొగ కాబట్టి బొగ్గుల పొయ్యి బయట షెడ్డు కింద, పీ అక్కడ. నేను లోపల బల్ల దగ్గర. ఎదురుగా ముగ్గురు జడ్జీలు: మార్కెట్ నడిపే ఆవిడ, కళ్లజోడు తాడుకి కట్టి మెళ్లో వేసుకుంది. పూర్వం రొయ్యల పడవ నడిపిన పెద్దాయన. ఒక కుర్ర టీచరమ్మ. మా తర్వాత వంతు, మాలాగే జాగాకి పేరిచ్చిన లక్సా ఆయనది. లక్సా అంటే కొబ్బరిపాల పులుసులో నూడుల్స్. పెద్ద గిన్నె చంకలో పెట్టుకుని వెనకాలే నిలబడ్డాడు.

పీ నాకు రెండు డబ్బాలిచ్చింది. ఒకదాంట్లో కారం తగ్గించిన చుట్ట, జడ్జీల కోసం. దానికి మేం "సాధు" అని పేరు పెట్టుకున్నాం. రెండోదాంట్లో అసలు కారం చుట్ట, మధ్యాహ్నం మా ఇద్దరి భోజనానికి.

సాధు చుట్ట తరిగి, కలిపి, ఎగరేసి, మూడు పొట్లాలు చేతుల్లో పెట్టాను. తిన్నారు. వేరుశనగ పప్పుతో సహా ఖాళీ చేసి పొట్లాలు బల్ల మీద పెట్టారు.

మూడు ఖాళీ పొట్లాలు. నా ఎదురుగా.

ఎవరూ చేతులు అడ్డం పెట్టలేదు. నేనేం చేయను? మళ్లీ కలిపి పోశాను. "ఓ! థాంక్యూ," అంది మార్కెట్ ఆవిడ. కాస్త ఆశ్చర్యంగా అంది, నాకు సంతోషంగా వినిపించింది. మళ్లీ ఖాళీ చేశారు. ఈ దేశంలో పెట్టింది వదిలేస్తే అమర్యాద అనుకుంటారు. మా ఊళ్లో ఖాళీ ఆకు చూసి ఊరుకుంటే అమర్యాద. ఈ రెండు మర్యాదలూ ఎదురెదురుగా కూర్చుంటే ఏమవుతుందో ఊహించుకోండి. వాళ్లు తింటారు, నేను పోస్తాను. నేను పోస్తాను, వాళ్లు తింటారు.

సాధు చుట్ట అయిపోయింది. పొట్లాలు మళ్లీ ఖాళీ. నా చెయ్యి దానంతట అదే రెండో డబ్బా మూత తీసింది.

పెద్దాయన మొహం మందార పువ్వైంది. టీచరమ్మ ముక్కు తుడుచుకుంటూనే తింటోంది. మార్కెట్ ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకుంది. కళ్లలో నీళ్లు చూసి నేను పొంగిపోయాను. మా వైపు కూర కుదిరిందనడానికి అంతకంటే గుర్తేముంది? ఇంకో విడత కలపబోతుంటే పెద్దాయన లేచి, నీళ్ల కోసం బయటికి పరిగెత్తాడు.

తర్వాత లక్సా వంతు. టీచరమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, కాసేపు ఆలోచించి, "ఇది వేడిగా ఉందా?" అని అడిగింది.

లక్సా ఆయన గిన్నె దించేశాడు. "పొగలు కక్కుతోంది తల్లీ! నాలుక ఉందా లేదా నీకు?" అని, నా వైపు తిరిగాడు. "ముగ్గురి నోళ్లూ కాల్చేసి కూర్చున్నావు. ఇప్పుడు నా లక్సాని ఎవరు రుచి చూస్తారు, నా కుక్కా?"

కేకలు విని పీ లోపలికి వచ్చింది. ముందు బల్ల మీది డబ్బా చూసింది.

"నోంగ్, మన అన్నంలోకి చుట్ట ఏది?"

"పెట్టేశాను, పీ."

"ఎవరికి?"

గడ్డంతో చూపించాను. పెద్దాయన అప్పుడే లోపలికి వచ్చి, తడిసిన చొక్కాతో కూర్చుంటున్నాడు.

పీ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఏప్రన్ విప్పి, ఆసుపత్రి దుప్పటి మడత పెట్టినట్టు నాలుగు మడతలు పెట్టింది. "సోమవారం లాండ్రీకి ఫోన్ చేస్తాను," అంది. తిట్టినా బాగుండేది.

తిన్నగా మార్కెట్ ఆవిడ దగ్గరికి వెళ్లాను. మా నాన్న, వడ్డన, ఖాళీ ఆకు, అంతా చెప్పాను. నా ఇంగ్లీషు తడబడుతోంది, ఆవిడ ముక్కు చీదుకుంటోంది.

"మరి ఆపాలంటే నేనేం చేయాలి?" అంది.

"ఇలా చేతులు అడ్డం పెట్టాలి."

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదా, డార్లింగ్!" అని నవ్వబోయి దగ్గింది.

తీర్పు ఇది: లక్సా ఆయన చెప్పింది న్యాయం. వచ్చే శనివారం అందరూ మళ్లీ రావాలి. మేం అందరికంటే ఆఖర్న. మనిషికి ఒక్క పొట్లం. నేను హాల్లో అడుగు పెట్టకూడదు.

ఆ వారం మా ఇంట్లో నా పరువు చెప్పనక్కర్లేదు. "యు గాట్ బ్యాన్డ్ ఫ్రమ్ గివింగ్ ఫుడ్?" అని పాప మళ్లీ మళ్లీ అడిగి నవ్వింది. మా ఆయన అన్నం తింటూ పళ్లెం మీద చెయ్యి పెట్టి, "జడ్జీలని తగలేసినదానివి, నన్నొదులుతావా?" అనేవాడు. నేను మాత్రం రోజూ పీకి కలపడం నేర్పాను. ఆవిడ చెయ్యి బరువు. చట్నీ నూరినట్టు కలిపేది, బొరుగులు చచ్చిపోయేవి. "ఎగరెయ్యి పీ, నొక్కకు," అంటే, "నువ్వు పెట్టకు, పెట్టకు అని నేనెవరికి చెప్పుకోను?" అని దెప్పేది. దెప్పుతోందంటే కాస్త కోపం తగ్గినట్టే.

శుక్రవారం ఆవిడ ఒక బాంబు వేసింది. "రేపు కారం చుట్టే పెడతాను."

"వద్దు పీ! సాధుదే పెట్టు. ఉన్న ఒక్క అవకాశం పోతుంది."

"సాధుది తిన్నప్పుడు వాళ్ల మొహాల్లో ఏముంది? నువ్వే కదా చూసింది."

గుర్తు చేసుకున్నాను. ఏమీ లేదు. బస్సు కోసం ఎదురుచూసే మొహాలు.

"కారంది పెడితే ఏడ్చారు. అయినా ఖాళీ చేశారు."

"అది మర్యాద, పీ!"

"ముక్కు కారుతుంటే ఎవరూ మర్యాద కోసం తినరు, నోంగ్. నేను సగం సగంగా అమ్మలేను. జాగా వస్తే దీనికే రావాలి."

పోయేది ఆవిడ బతుకు. నేను ఎండుమిర్చి డబ్బా ఆవిడ ముందుకి జరిపాను.

శనివారం నేను బయట బొగ్గుల దగ్గర, పీ లోపల. హాలు కిటికీలకి అద్దాల పలకలు అడ్డంగా ఉంటాయి, వాటి సందుల్లోంచి అంతా కనిపిస్తుంది. ముందు లక్సా ఆయన వంతు నడిచింది. జడ్జీలు తలలు ఊపారు. ఆఖర్న పీ. కాల్చిన చుట్ట కిటికీలోంచి అందించాను. తరిగింది, కలిపింది. నొక్కలేదు, ఎగరేసింది! మూడు పొట్లాలు ఇచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

తిన్నారు. ఎర్రబడ్డారు. టీచరమ్మ చెంపలకి చేత్తో విసురుకుంది. ఒక్కొక్కరే ఖాళీ చేశారు. పెద్దాయన పొట్లం లోపలికి తొంగి చూసి, అడుగు మీద కొట్టి, తల వెనక్కి వాల్చి ఆఖరి నలుసులు కూడా నోట్లో పోసుకున్నాడు. అప్పుడు ఆ ఖాళీ పొట్లాన్ని పీ ముందుకి చాచాడు.

కిటికీ ఇవతల నా చెయ్యి లేచింది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకున్నాను.

పీ ఆయన కళ్లలోకి చూసింది. "లేదు. మార్కెట్ తెరిచాక వచ్చి కొనుక్కోండి," అంది.

అంతే, అయిపోయిందనుకున్నాను. చెయ్యి చాచి అడిగిన జడ్జీని పొమ్మంది! మార్కెట్ ఆవిడ కళ్లజోడు తీసి, చీర కొంగు లేదు కాబట్టి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"నీకు జాగా సముద్రం వైపు కావాలా, రోడ్డు వైపా?" అని అడిగింది.

నేను పట్టకారు వదిలేశాను. లోపల పీ మాత్రం నింపాదిగా, "గాలి ఎటు తక్కువ?" అంది. "నా బొరుగులు మెత్తబడతాయి."

రోడ్డు వైపు ఇచ్చారు. రెండో జాగా లక్సా ఆయనకి, సరిగ్గా మా పక్కనే. పీ బయటికి వచ్చి, షెడ్డు కింద నేల మీదే కూలబడింది. అప్పుడు ఏడ్చింది, కారానికి కాదు. నేను మిగిలిన కారం చుట్ట పొయ్యి మీద వేశాను, ఇద్దరం ముక్కలు చల్లారేదాకా ఆగకుండా ఊదుకుంటూ తిన్నాం. నవ్వు, ఏడుపు, ముక్కు కారడం, అన్నీ కలిసిపోయాయి.

అంతలో లక్సా ఆయన ఒక గిన్నె, రెండు చెంచాలు తెచ్చి మా మధ్య పెట్టాడు. "ఇకనుంచి పక్కపక్కన నిలబడాలి. కనీసం మీరైనా తిని, ఎలా ఉందో నిజం చెప్పండి," అన్నాడు.

చెరో చెంచా నోట్లో పెట్టుకున్నాం. నాలుక అప్పటికే మండిపోయి, నాకు వేడి తప్ప రుచేమీ తెలియలేదు. పీ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది.

"అద్భుతంగా ఉంది," అన్నాం, ఇద్దరం ఒకేసారి.